కాపలాకని లాబ్రడార్‌ని తెచ్చిన జువాలజీ మాస్టారు

ఒక్క కుక్కని ఎంచిపెట్టి, కుదరబోతున్న పెళ్లినీ, కాబోయే మామగారి చేపల చెరువునీ, పదేళ్లు కష్టపడి సంపాదించిన చదువు పరువునీ కలిపి ఒకేసారి నీళ్లపాలు చేయబోయిన ఘనుణ్ణి నేను. కోతలు కోస్తున్నాడు అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. నేనింకా తగ్గించే చెబుతున్నాను.

మాది బందరు. గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. సెల్‌ఫోను ఉన్నవాణ్ణి జనం తల తిప్పి చూసే రోజులవి. బొద్దింక నోటి భాగాలు కళ్లు మూసుకుని బోర్డు మీద గీసేవాణ్ణి. కప్ప గుండె బొమ్మ వేస్తే వెనక బెంచీవాళ్లు కూడా నిద్ర లేచి చూసేవాళ్లు. కుక్కల గురించి మాత్రం నాకున్న జ్ఞానం ఒక్కటే: అది వీధికి అటువైపు ఉంటే నేను ఇటువైపు ఉండాలి.

అలాంటి నాకు మా పాస్టరుగారు నందివాడ దగ్గర ఒక సంబంధం చూశారు. అమ్మాయి తండ్రి దేవదానంగారు. చేపల చెరువు ఆయనది, గట్టు పక్కనే ఇల్లు. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆయనా, ఆయన తల్లి మరియమ్మ మామ్మా, బీఈడీ చదువుతున్న కూతురు సుగుణా ఉంటారు. పెళ్లిచూపుల్లో కాఫీలు అయ్యాయి, పలకరింపులు అయ్యాయి. అప్పుడు దేవదానంగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"మాస్టారూ, మీది జంతువుల సబ్జెక్టంట కదండీ?"

"అవునండీ" అన్నాను, జంతువులన్నిటికీ నేనే పురుడు పోసినట్టు.

"అయితే మా కుటుంబానికి ఏ జాతి కుక్క సరిపోతుందో మీరే చెప్పాలి. చెరువు కాపలాకండీ. నీటికాకులు వాలితే తరమాలి. దొంగ కనబడితే పిక్క పట్టుకోవాలి. మా అమ్మని మాత్రం కరవకూడదు."

"పాస్టరుగారిని కూడా కరవకూడదురా!" అని లోపల్నించి మామ్మ కేక.

'నాకు తెలియదండీ' అనే రెండు మాటలు ఆ రోజు నా నోట్లోంచి వచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ తలుపు పక్కన సుగుణ నిలబడి ఉంది. మెచ్చుకోబోతున్నట్టు చూస్తోంది. అలాంటి చూపు ఎదురుగా ఉంటే ఏ మగవాడైనా ఏనుగుని ఎంచమన్నా ఎంచుతాడు.

"చెప్పడమేంటండీ, పది రోజుల్లో నేనే తెచ్చి అప్పజెబుతాను" అన్నాను.

విజయవాడ వెళ్లి పాత పుస్తకాల దుకాణంలో కుక్కల జాతుల పుస్తకం ఒకటి కొన్నాను. అల్సేషియన్ బొమ్మ చూడగానే చెమట పట్టింది, పేజీ తిప్పేశాను. డాబర్‌మన్ బొమ్మని అరచేత్తో మూసి చదివాను. ఆ తర్వాత వచ్చింది లాబ్రడార్. 'కుటుంబానికి ఎంతో అనువైనది. నీళ్లంటే ప్రాణం. చాలా తెలివైనది.' ఇంకేం కావాలి? చెరువు ఉంది, కుటుంబం ఉంది. పుస్తకం మూసేశాను. ఆ కింది వాక్యంలో 'కొత్తవారితో సైతం ఇట్టే స్నేహం చేస్తుంది, కాపలాకు పనికిరాదు' అని ఉన్న సంగతి తర్వాత తెలిసింది. పిల్లలకి ప్రశ్నపత్రం పూర్తిగా చదవమని పాఠం చెప్పే మాస్టారి నిర్వాకం అది.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక డాక్టరుగారి ఇంట్లో ఎనిమిది నెలల నల్ల లాబ్రడార్ దొరికింది. దూడంత ఉంది. పేరు కైజర్. గుడివాడ పాసింజరులో అది నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. గుడివాడ వచ్చేదాకా నేను కదల్లేదు, మెదల్లేదు, ప్రార్థన ఆపలేదు. అంత భక్తి నాకు చర్చిలో కూడా ఎప్పుడూ కలగలేదు.

దాని రంగూ ఒళ్లూ చూసి దేవదానంగారు మురిసిపోయారు. మామ్మకి కైజర్ అనడానికి నోరు తిరగలేదు. "కాజా" అని పిలిచింది. అది పరుగెత్తుకెళ్లి మామ్మ చెయ్యి నాకింది. ఆ క్షణం నుంచి అది కాజాయే.

పదిహేను రోజులు తిరగకుండా నందివాడ నుంచి వార్తలు మొదలయ్యాయి. ఆయన ఏ పనిమీద గుడివాడ వచ్చినా కాలేజీకి వచ్చి స్టాఫ్‌రూములో అందరి ముందూ చెప్పేవారు.

"మాస్టారూ, నీటికాకులు తూర్పు గట్టున వాలితే మీ కుక్క ఈదుకుంటూ అటు వెళ్తుందండీ. అవి లేచి పడమటి గట్టున వాలతాయి. ఇది మళ్లీ ఇటు ఈదుతుంది. కాకులకి కాలక్షేపం, దీనికి స్నానం."

"కొత్త కదండీ, నేర్చుకుంటుంది."

"నేర్చుకుందండీ. చేపలకి మేతని చిల్లుల సంచుల్లో పోసి చెరువులో గెడలకి కడతాం కదా. ఆ సంచులు విప్పుకుని, ఒక్కొక్కటే నోట కరుచుకుని గట్టుకి తెచ్చేస్తోంది. తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, మెచ్చుకోమని తోకాడిస్తోంది."

"తెలివైన జాతండీ" అన్నాను.

"మొన్న మధ్యాహ్నం ఎవడో విసురువల పట్టుకుని మా చెరువులో దిగాడంట. వాడి పక్కనే కూర్చుని చూస్తోందంట మీ కుక్క. వాడు వల విసిరినప్పుడల్లా వాడికంటే ఎక్కువ సంబరపడిందంట!"

స్టాఫ్‌రూములో నవ్వని మనిషి లేడు. చివరికి గోడమీది కప్ప బొమ్మ కూడా నన్ను చూసి నోరు తెరిచినట్టే అనిపించింది. నవ్వులు ఎలా ఉన్నా, పెళ్లి మాట మాత్రం ఆగిపోయింది. నిశ్చితార్థం ఎప్పుడని మా నాన్న అడిగిస్తే, "చూద్దామండీ" అని కబురు వచ్చింది. ఆ 'చూద్దామండీ'కి అర్థం తెలియనంత అమాయకుణ్ణి కాదు. కుక్కనే సరిగ్గా ఎంచలేనివాడు కాపురం ఏం చేస్తాడని ఆయన అనుమానం. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. అప్పటికి సుగుణతో రెండుసార్లే మాట్లాడాను, ఆ రెండుసార్లూ ఆమె నవ్విన నవ్వు మాత్రం పాఠం మధ్యలో గుర్తొచ్చి సుద్దముక్క చేతిలోనే ఉండిపోయేది.

మూడో నెలలో దేవదానంగారు కబురు పంపారు. ఆదివారం వచ్చి కుక్కని తీసుకెళ్లిపొమ్మని.

మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆదివారం తొలి బస్సుకి వెళ్లాను. అటునుంచి అటే చర్చికి వెళ్దామని తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకున్నాను. నేను వెళ్లేసరికి అరుగు మీద నాలుగు చేపలు పడున్నాయి. మూడు శీలావతులు, ఒక బొచ్చె. వాటి పక్కన కాజా నిలువెల్లా నీళ్లు కారుతూ, ప్రైజు కోసం ఎదురుచూస్తున్న పిల్లాడిలా నిలబడి ఉంది.

"రండి మాస్టారూ, కళ్లారా చూడండి!" దేవదానంగారి గొంతు వణుకుతోంది. "ఇన్నాళ్లూ దొంగలకి స్నేహితుడనుకున్నాను. ఇదే దొంగయింది. తెల్లవారినప్పట్నించీ ఒక్కోటీ పట్టుకొస్తోంది."

"క్షమించండి" అన్నాను.

కాజా మెడలో తాడు వేయడానికి చెయ్యి చాపుతుంటే మామ్మ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. వంగి, ఒక చేపని అటూ ఇటూ తిప్పింది.

"ఒరేయ్ దేవదానం, ఇది మూడు నెల్లనించీ చెరువులో దూకుతోంది కదా. ఎప్పుడన్నా ఒక్క చేపని పట్టిందా?"

"లేదమ్మా."

"మరి ఇయ్యాళ నాలుగెట్టా దొరికినియ్యిరా? చేపలు లోపల ఉంటే కుక్కకి దొరుకుతాయా?"

ఆయన ముఖం పాలిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. మూడు రోజులు ఎండ లేదు. నీళ్లలో ప్రాణవాయువు పడిపోయింది. ఊపిరాడక చేపలన్నీ పైకి తేలుతున్నాయి. చేపల శ్వాసక్రియ మీద ఏడాదికి నాలుగు సెక్షన్లలో పాఠం చెప్పే నేను కళ్లెదుట చేపని పెట్టుకుని క్షమాపణలు చెబుతూ నిలబడ్డాను. ఏ కాలేజీకీ వెళ్లని మామ్మ దాన్ని ఒక్కసారి తిప్పి చూసి తేల్చేసింది.

గట్టెక్కి చూస్తే చెరువంతా నోళ్లే. వేల నోళ్లు, గాలి కోసం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఆ దృశ్యం చూసి దేవదానంగారు ఒక్క క్షణం తల పట్టుకున్నారు.

"ఇంజను!" అని అరిచింది సుగుణ. "నాన్నా, నువ్వు ఇంజను తిప్పు. మాస్టారూ, ఆ గొట్టం పట్టుకోండి, నీళ్లు పైకి చిమ్మితే గాలి కలుస్తుంది!"

డీజిల్ ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. నేను గొట్టం మూతి ఎత్తి పట్టుకున్నాను. నీళ్లు వచ్చే వేగం ఎంత ఉంటుందో నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. గొట్టం ఒక్క తన్ను తన్నింది. తెల్ల బట్టలతో సహా వెళ్లి చెరువు మధ్యలో పడ్డాను. చెప్పడం మరిచాను, సముద్రం పక్కన పుట్టానన్నమాటే గానీ నాకు ఈత రాదు.

రెండు గుక్కల నీళ్లు తాగాక ఎవరో నా చొక్కా చెయ్యి పట్టుకున్నారు. కళ్లు తెరిస్తే ఎదురుగా కాజా ముఖం. ఒంటికి పన్ను తగలకుండా గుడ్డ మాత్రమే కరుచుకుని, మేత సంచిని లాగినట్టే నన్ను లాక్కుంటూ ఈదింది. జీవితమంతా ఏ పళ్లకి భయపడి బతికానో ఆ పళ్లే నన్ను ఒడ్డుకి చేర్చాయి. గట్టు మీదికి ఈడ్చి, తిన్నగా దేవదానంగారి కాళ్ల దగ్గర పెట్టి, మెచ్చుకోమని తోకాడించింది.

ఆయన వంగి దాని తల నిమిరారు. నిమురుతూ నిమురుతూ ఏడ్చేశారు. నేను దాని మెడ పట్టుకుని అలాగే కూర్చున్నాను. భయపడాలన్న సంగతే గుర్తు రాలేదు. ఈలోగా సుగుణ గొట్టాన్ని గెడకి కట్టి సరిచేసింది. పొద్దెక్కేసరికి మబ్బు పలచబడింది, చేపలు లోపలికి దిగిపోయాయి. పోయినవి కొన్నే, చెరువు నిలబడింది.

అరుగు మీద తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చున్న నన్ను చూస్తూ దేవదానంగారు గొంతు సవరించుకున్నారు.

"కుక్క ఎక్కడికీ వెళ్లదు మాస్టారూ. అది మా ఇంట్లోనే ఉంటుంది." తర్వాత కూతురి వైపు తిరిగారు. "మరి ఈయన సంగతేంటమ్మా?"

సుగుణ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. బురద, నాచు, ఒక కాలికే చెప్పు.

"కాజా తెచ్చింది కదా నాన్నా, ఉంచేసుకుందాం" అంది.

కాజా మాతో చాలా ఏళ్లు ఉంది. మా ఇద్దరు పిల్లలూ దాని వీపు పట్టుకునే నడక నేర్చారు. ఒక్క దొంగనీ కరవలేదు, ఒక్క కాకినీ పట్టలేదు. దానికీ, దాన్ని ఇంటికి చేర్చిన నా తెలివితక్కువతనానికీ నేను పడిన రుణం ఈ జన్మకి తీరదు.

అందుకే పెద్దల సమక్షంలో ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక బతికుండగా ఎవరి కుటుంబానికీ కుక్కని ఎంచిపెట్టను. ఎంచిన పుణ్యానికి ఒక పెళ్లాం దక్కింది. రెండోసారి అలా జరిగితే మొదటావిడ ఊరుకోదు.