ఆండాళమ్మ కింద వల

ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్‌లో వీరాంజనేయులు తాత గీసిన బొమ్మలు చూస్తే, ఈయనకి సర్కస్ తప్ప ఇంకేం తెలియదనిపిస్తుంది. ఏనుగులు, జోకర్లు, ఊయల మీద ఎగిరే ఆడపిల్లలు. పక్కింటి పిల్లిని కూడా ఒకసారి జోకర్ టోపీ పెట్టి గీసి ఇచ్చాడు. పక్కింటావిడ థాంక్స్ చెప్పింది కానీ, ఆ తర్వాత పిల్లిని ఇటు రానివ్వలేదు.

తాత పాతికేళ్లు తెనాలి వైపు ఒక సర్కస్ కంపెనీకి పోస్టర్లు రాశాడు. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. ఊయల బొమ్మ కింద వల గీయకూడదు. వల కనిపిస్తే జనానికి గుండె దడ పుట్టదట. తాత ఎన్నడూ గీయలేదు. ఒక ఊళ్లో జనం పోస్టర్ చూసి వచ్చి, డేరాలో వల కనబడేసరికి మోసమని ఈలలేసి గోల చేశారు. యజమాని వల విప్పించాడు. ఆ పూట ఊయల మీంచి పడింది తాత భార్య ఆండాళమ్మే. నడుం విరిగింది. కూతురు పద్మజ డాక్టరై ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకున్నాక ఆండాళమ్మ కుర్చీకి చక్రాలు వచ్చాయి. అంతే తేడా.

ఈ ఏడు తాత కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇక తగ్గదని వీధి చివర క్లినిక్‌లో జీపీ డాక్టరు చెప్పేశాడు. చెయ్యి పూర్తిగా పోయేలోపు ఒక్క బొమ్మలోనైనా వల గీయాలనుకున్నాడు తాత. వసంతంలో నూనెరంగులతో గీసిన, ఊయల మీది ఆండాళమ్మ బొమ్మ ముందు కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మొదలుపెట్టాడు. గీతలు వానపాముల్లా వచ్చాయి. పదకొండు రోజులు పట్టింది.

ఆండాళమ్మ కుర్చీ తోసుకుంటూ వచ్చి చూసింది.

"ఏంటండీ, నా కింద దోమతెర కట్టారు?"

"వల, ఆండాళూ."

"తెలుస్తోందిలెండి. ఇప్పుడు కడితే నా నడుం లేస్తుందా?"

"నా పోస్టర్ వల్లే కదే అదంతా..."

"ఆ సంగతి నాకు తెలీదా? వల లేకుండా మూడు పల్టీలు కొట్టి నాలుగోదానికి పడ్డాను. ఆ మూడూ నావి. నాకున్నవి అవే. తుడిచేయండి."

"అమ్మా, పదకొండు రోజులు కష్టపడ్డారే నాన్న," అంది పద్మజ.

"నలభై ఏళ్లు కూర్చున్నానే నేను. తుడవండి."

తాత గుడ్డకి టర్పెంటైన్ అద్దుకుని తుడిచాడు. వల పోయింది. చెయ్యి అదిరి, పూర్తిగా గట్టిపడని రంగు మీదికి గుడ్డ పాకి, వలతో పాటు ఆండాళమ్మ పాదాలు కూడా పోయాయి.

ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని చూసింది.

"పోన్లెండి. వాటితో ఇప్పుడు నాకు పనేముంది," అని కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది.

తాత సన్నకుంచె అందుకున్నాడు. మడమ ఎక్కడ రావాలో ఆయనకి తెలుసు. కుంచె మాత్రం అక్కడికి వెళ్లలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారికి పద్మజ వచ్చి కుంచె తీసుకుని కడిగి, డబ్బాలో పెట్టేసింది.