దివాణం వసారాలో సంత

జమీందారీ పోయాక మా భోపాల్‌పట్నంలో దివాణం ఒక్కటే మిగిలింది. దాని వసారాలోనే వారానికోసారి సంత జరిగేది. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చే ఆడవాళ్లు ఆ నీడన కూర్చుంటే, ఎదురుగా నా చాయ్ కొట్టు బతికేది. దివాణం బాగుచేస్తే చూడ్డానికి జనం వస్తారు, ఊరు మళ్లీ లేస్తుందని సర్కారువాళ్లు చెప్పారు. నమ్మి కొట్టుకు కొత్త రేకులు వేయించాను.

గోడలకు రంగు వేశారు. చుట్టూ కంచె కట్టి గేటుకు తాళం పెట్టారు. సంత రోజున గంపతో వచ్చిన ముసలమ్మను చౌకీదారు ఆపాడు.

"లోపల కూసుంటే ఫర్ష్ బండలు ఖరాబైతయి, అవ్వా."

"ఏంది బిడ్డా, పెచ్చులూడి మీద పడ్డనాడు కూసున్నం, ఇప్పుడు కూసోవద్దా?"

"జమీందారే నయం గదనే అవ్వా, తిట్టుకుంటనైనా కూసోనిచ్చేటోడు," అన్నాను నేను.

చౌకీదారూ నవ్వాడు. తాళం మాత్రం తీయలేదు.

ఎండకు ఓర్వలేక సంత పెద్దరోడ్డు పక్కకు వెళ్లిపోయింది. చూడ్డానికి ఎవరూ రాలేదు. దివాణం పెళ్లికొడుకులా మెరుస్తోంది, పెళ్లివారే లేరు. నా జోకులకు నవ్వడానికి మిగిలిన చౌకీదారు కూడా జగదల్‌పూర్‌కు బదిలీ అడిగాడట. పొద్దెక్కకముందే పొయ్యి ఆర్పేస్తున్నాను.