కొక్కేలు చెప్పిన జట్టు

మా మామయ్య ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు. ఎడమ వైపు నుంచి తను దూసుకొస్తే ఆపడం ఎవరి తరమూ కాదని ఆయనే చెబుతారు. ఆపడానికి ఇంకెవరూ అక్కర్లేదు, ఆయన కాళ్ళే ఆయనకి అడ్డం పడేవని అత్తయ్య అంటుంది. మోకాలు దెబ్బతిని ఆట మానేసిన ఏడాదే అదే క్లబ్బుకు మేనేజరయ్యారు. అప్పటి నుంచి అధ్యక్షులు మారారు, గోల్ స్తంభాలు మారాయి, ఆయన మాత్రం కదల్లేదు.

శిక్షణ ఇవ్వడం, సున్నం గీతలు గీయడం, బంతులకు గాలి కొట్టడం అన్నీ ఆయన పనే. జట్టును ప్రకటించే పద్ధతి మాత్రం పూర్తిగా ఆయన సొంతం. బట్టలు మార్చుకునే గదిలో గోడకు వరసగా కొక్కేలుంటాయి. తలుపు పక్కది గోల్‌కీపర్‌ది, తర్వాతవి వెనక కాపు కాసేవాళ్ళవి, కిటికీ దగ్గరవి గోల్ కొట్టేవాళ్ళవి. ఎవరి చొక్కా ఎక్కడ వేలాడితే వాళ్ళు ఆ చోట ఆడాలి. చొక్కా మీది అంకెకు దీనితో సంబంధం లేదు, సైజును బట్టి ఎవరికి పట్టింది వాళ్ళది. ఎందుకని అడిగితే ఆయన జవాబు ఒకటే: "కొక్కెం చెప్పాక నేను చెప్పేదేముందిరా?"

కిందటేడు జట్టు వరసపెట్టి ఓడింది. చివరి మ్యాచ్ కూడా పోతే ఆ గది తాళంచెవి అప్పగించి ఇంటికెళ్ళమని కార్యదర్శి మొహం మీదే చెప్పేశాడు. ఆ పూట మామయ్య భోజనం సగంలో లేచిపోయారు.

మ్యాచ్ రోజు పొద్దున వాన. గోల్ ముందు నిలిచిన నీళ్ళు తోడుతూ మామయ్య బకెట్టు పట్టుకుని అక్కడే ఉండిపోయారు. ఉతికిన చొక్కాల బుట్ట గదిలో పెట్టి వెళ్ళడం అత్తయ్య అలవాటు. ఆయన అవస్థ చూసి ఆ రోజు తనే అన్నీ తగిలించేసింది, ఏ కొక్కెం ఎవరిదో తెలియక శుభ్రంగా అంకెల వరసలో.

ఆటగాళ్ళు వచ్చారు, చూశారు, తొడుక్కున్నారు. నేను చంకలో ఉన్న మా పాపకి చలిగాలి తగలకుండా చెవులు కప్పి మామయ్య పక్కన నిలబడ్డాను. జట్టు మైదానంలోకి దిగేసరికి ఆయన మొహం పాలిపోయింది. అందరూ గోడ అని పిలిచే కాపలాదారు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. గోల్స్ కొట్టే బక్కవాడు వెనక కాపలా.

"ఇదెవరు తగిలించారు మామయ్యా?"

"మీ అత్తయ్య."

"పిలిచి మార్చేయండి. ఇంకా విజిల్ వెయ్యలేదుగా."

కేకెయ్యడానికి నోటి దాకా ఎత్తిన చేతులు ఆయన మళ్ళీ దించేశారు. "ఒక్కసారి కొక్కెం తప్పంటే ఇన్నేళ్ళదీ తప్పే అనుకుంటారు. కానివ్వు, ఆడనివ్వు."

విరామానికి మన మీద ఒక గోల్ పడింది. గోడ ఒగురుస్తూ వచ్చాడు. "సార్, నాకు చిన్నప్పటి నుంచీ ముందు ఆడాలని ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?"

మామయ్య బంతి వైపు చూస్తూ, "తెలుస్తుంది" అన్నారు.

ఆ తర్వాత గోడను పక్కకు జరపడం అవతలివాళ్ళ వల్ల కాలేదు. ఒక గోల్ వాడి తలకు తగిలి వెళ్ళింది, ఇంకోటి భుజానికి. మ్యాచ్ మనదే. కార్యదర్శి వచ్చి, ఏం ఎత్తు వేశారండీ అని చెయ్యి కలిపాడు. తాళంచెవి ఊసెత్తలేదు.

నిజం ఆటగాళ్ళకు ఇప్పటికీ తెలియదు. మామయ్య ఎప్పటిలా చొక్కాలు తగిలిస్తారు, తర్వాత అత్తయ్యను లోపలికి పిలుస్తారు. ఆవిడ ఓసారి పరికించి ఏవో రెండు చొక్కాలు అటూ ఇటూ మారుస్తుంది. ఎందుకని ఆయన అడగరు.