ఏడో అంతస్తు ఎండ

మా నర్సీపట్నంలో తొలి ఆకాశహర్మ్యానికి కారణం నేనే. ఇటుక మోయలేదు, సిమెంటు కలపలేదు. పేపర్లో రాశాను, అంతే.

అప్పటికి అది అయిదంతస్తుల మేడ. జీడిపప్పు వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి మా వీధిలో కట్టిస్తున్నాడు. ఆ రోజు జిల్లా పేజీలో నా వంతు జాగా ఖాళీగా ఉంది. మండల సమావేశం వాయిదా పడింది. ఏజెన్సీ నుంచి రావలసిన వార్త రాలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న మేడ గురించే నాలుగు పేరాలు రాసి పంపాను. 'మన పట్టణానికి ఇది ఆకాశహర్మ్యమే' అని ఒక వాక్యం రాసిన మాట నిజం. డెస్కులో వాళ్లు 'మన పట్టణానికి' అన్న ముక్క తీసేసి మిగిలినదాన్ని హెడ్డింగు చేశారు. ముప్పై ఏళ్లుగా వాళ్ల పని అదే, నా పని ఇదే.

వారం తిరక్కుండా ఆరో అంతస్తుకు సెంట్రింగు మొదలైంది. ఆయన నన్ను దారిలో ఆపి, "పేపర్లో ఆకాశమని పడిపోయాక అయిదుతో ఆపితే ఏం బాగుంటాది సెప్పండి, విలేకరిగోరూ. జనం ఏటనుకుంటారు?" అన్నాడు. ఏడు వేసి ఆపాడు. పడమటి ముఖమంతా నీలం అద్దాలు బిగించాడు. పైన ఇనప గొట్టం పాతి ఎర్ర లైటు పెట్టించాడు. విమానాలు తగలకుండానట. నా వార్తను కత్తిరించి ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించాడు.

అంతకు ముందు మా ఊళ్లో ఎత్తంటే వాటర్ ట్యాంకు. కోటవురట్ల వైపు నుంచి బస్సులో వస్తుంటే ముందు కొండల వరుస కనిపించేది, తర్వాత ట్యాంకు, తర్వాత సెల్ టవర్లు. ఇప్పుడు కొండల్లో ఒకచోట నలుచదరంగా కోసి ముక్క తీసేసినట్టు ఉంటుంది. అదే మా మేడ. బస్సులో కొత్తవాళ్లు "అదేటి, ఆస్పత్రా?" అని అడుగుతారు. "కాదు, ఆకాశహర్మ్యం. పేపర్లో పడింది" అని ఊరివాళ్లు చెబుతారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

శివరాత్రి వెళ్లిన వారం వడియాల పిన్ని మా ఇంటికొచ్చింది. నాకు పిన్ని కాదు, వీధికంతా పిన్ని. ఆ మేడకు ఆనుకుని పడమరగా ఆమె డాబా. వేసవి నాలుగు నెలలూ ఆ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి అమ్మి, మిగతా ఎనిమిది నెలలు వాటి మీదే బతుకుతుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీ ఆకాశం నా ఎండ తినేసింది" అంది.

వెళ్లి చూశాను. సూర్యుడు మేడ వెనక నుంచి తీరిగ్గా బయటికొచ్చేసరికి పదకొండు దాటింది. అంతవరకు ఆమె డాబా అంతా నీడే. వడియాలకు తొలి ఎండే ముఖ్యం. తెల్లారగానే తడి పంచె మీద పెట్టిన పిండి, లేత ఎండకు పైన పొర కట్టాలి. కట్టకపోతే పులుస్తుంది. అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నం మూడింటికి పడమటి ఎండ నీలం అద్దాల మీద పడి, తిరిగి ఆమె డాబా మీదికే వచ్చింది. ఒక సూర్యుడు ఎదురుగా, ఒకడు వెనక. నా నీడలు రెండు పడ్డాయి. పులిసిన వడియాలు నా కళ్లముందే పటపటా బీటలు వేశాయి.

"పొద్దున్న ఒక్కడూ లేడు, సాయంత్రం ఇద్దరు" అంది పిన్ని. "నువ్వే రాసి పైకెత్తావు. నువ్వే రాసి దించు."

"రాస్తే మేడ దిగుతుందా పిన్నీ?"

"ఏం, మా ఆడపడుసు మొగుడు పోయాడని రాసినావు. మర్నాడు తప్పని సవరణ ఏసినావు. ఆయన ఇప్పటికీ సైకిలు మీద తిరుగుతన్నాడు."

ఆ రెండు వార్తలూ నావే.

ఇద్దరం మేడ యజమాని దగ్గరికి వెళ్లాం. నీడ అనగానే ఆయన ముఖం వెలిగింది. మమ్మల్ని వీధిలోకి తీసుకొచ్చి చేత్తో చూపించాడు. "పొద్దున్న ఏడింటికి మా నీడ ఎందాకా ఎల్తాదో తెలుసాండీ? ఆ టైర్ల షాపు దాకా. ట్యాంకు నీడ దాన్లో సగం కూడా ఎల్లదు."

"నా వడియాలు పులిసిపోతన్నాయి బాబూ" అంది పిన్ని.

"సాయంత్రం డబల్ ఇత్తన్నాను కదా పిన్నీ. లెక్క సరిపోయినట్టే."

"పొద్దున్న పెట్టాల్సిన అన్నం సాయంత్రం రెండు పళ్లాలు పెడతానంటే మజ్జినేళకి మనిషుంటాడా?"

ఆయన చెడ్డవాడు కాదు. "అయితే పైకొచ్చి ఎట్టుకో. ఏడో అంతస్తు మీద ఎండ అందరికన్నా ముందు మనకే వత్తాది" అన్నాడు.

మర్నాటి నుంచి పిన్ని పిండి గిన్నె, తడిపిన పంచెలు, పాత గొడుగు పట్టుకుని లిఫ్టెక్కేది. లిఫ్టంటే భయం కాబట్టి దిగేదాకా కళ్లు మూసుకుని నిలబడేదట. మొదటివారం అంతా బాగానే ఉంది. అంత ఎత్తుకు కాకులు రాలేదు. గొడుగు నీడలో కుర్చీ వేసుకుని, కొండల మీద మబ్బు కనిపిస్తే కింద వీధిలో ఆడవాళ్లకు కేక వేసేది. వాళ్లు ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకునేవారు.

రెండో వారం గాలి వచ్చింది. కింద డాబా మీద గాలంటే పంచె అంచు లేస్తుంది. ఏడో అంతస్తు మీద పంచెకు పంచే లేచింది. వెళ్లి ఎర్ర లైటు గొట్టానికి చుట్టుకుని, సగం ఎండిన వడియాలతో సహా రెపరెపలాడింది. కింద వీధిలో వడియాల వాన. పావుగంటలో నాకు పదకొండు ఫోన్లు. తెల్లజెండా ఎందుకు ఎగరేశారు, ఎవరికి లొంగిపోయారు అని ఒకాయన. ఇది ఏ పార్టీ అని ఇంకొకాయన. ఈ ఏడాది విమానాలు మొదలవుతున్నాయా అని నక్కపల్లి నుంచి మరొకాయన.

నేను వెళ్లేసరికి యజమాని లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ పంచెను మడతపెట్టి పట్టుకుని ఉన్నాడు.

"ఇంక పైకి వద్దు పిన్నీ" అంటున్నాడు యజమాని. "ఆకాశహర్మ్యం మీద పంచెలేటి? పరువు పోతాది. రేపట్నుంచి తాళం ఏయించేత్తాను."

పిన్ని చెంగులో ఏరుకొచ్చిన వడియాలున్నాయి. వాటిని చూసుకుంటూ నిలబడింది. అప్పటికి మార్చి కూడా దాటలేదు. తాళం పడితే ఆ ఏడాది ఆమెకు వడియాలు లేవు, తర్వాత ఎనిమిది నెలలకు ఏమీ లేదు. అది ఆయనకు తెలియదు, మా ఇద్దరికీ తెలుసు.

ఆమె తలెత్తి గోడ మీది ఫ్రేము వైపు చూసింది.

"సరే బాబూ. ఈయన సవరణ ఏసేత్తాడులే."

"ఏం సవరణ?"

"అది ఆకాశం కాదు, ఏడంతస్తుల మేడ, పొరపాటున పడిందని. ఈయన సవరణ ఏత్తే పోయినోళ్లే లేసొచ్చారు. ఏం నాయనా, ఏత్తావా?"

ఆయన నా వైపు తిరిగాడు. మేడల ఎత్తుకు ఏ డెస్కూ సవరణ వేయదు. వేసినా లోపలి పేజీలో, వేలెడంత జాగాలో, ఎవరికీ కనపడని చోట. ఆ సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్లలో చెప్పవలసినవీ అనవసరమైనవీ ఎన్నో రాశాను. ఆ రోజు మాత్రం జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, ఒక్క ముక్కా రాయకుండా నిలబడ్డాను.

ఆయన ఫ్రేము దగ్గరికి వెళ్లి, అద్దం మీద దుమ్ము వేలితో తుడిచాడు.

"ఇటుకలెట్టుకో పిన్నీ" అన్నాడు చివరికి. "పంచెకి నాలుగు పక్కలా ఇటుకలెట్టుకో. లైటు జోలికెల్లనీకు."

ఈ వేసవికి మూడేళ్లు. కోటవురట్ల బస్సులో వస్తుంటే ఇప్పుడు మేడ నెత్తిన తెల్లటి గీత ఒకటి, దాని పక్కన నల్లటి చుక్క కనిపిస్తాయి. గీత పంచెలు, చుక్క గొడుగు. మూడేళ్లలో మా వీధిలో కొత్త మాట ఒకటి పుట్టింది. కొనేవాళ్లు "ఏడో అంతస్తువేనా?" అని అడిగి మరీ తీసుకుంటున్నారు. రుచి వేరేనట. నాకు తేడా తెలియలేదు. మా ఇంట్లో అడిగితే, తెలుస్తుందనే చెప్పారు.

మొన్న పిన్ని ఒక పొట్లం తెచ్చి నా టేబులు మీద పెట్టింది. కుర్చీ చూపిస్తే ఈసారి కూర్చుంది.

"వడియాల గురించి పేపర్లో ఏస్తావేటి?"

"వేస్తాను పిన్నీ."

"మేడ మీద వడియాలని ఎయ్యి. ఆకాశం గీకాశం అనకు" అంది. "మళ్లీ ఇంకో రెండంతస్తులు ఏసేత్తాడు. ఆ లిఫ్టులో అంతసేపు కళ్లు మూసుకుని నిలబడలేను."