మాస్టారి చేపలకు నేను తెచ్చిన ఆయాసం

గణపవరం దగ్గర నిక్షేపంలా బతుకుతున్న ఒక చెరువెడు చేపల్ని, పట్టపగలు, ఎవరి సాయమూ లేకుండా చావు అంచు దాకా తీసుకెళ్లిన ఘనుణ్ని నేను. చేపలకు మాత్రం ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

బెంజమిన్ మాస్టారు బడి నుంచి రిటైరై నాలుగు చెరువులు చేస్తున్నారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. ఇంకా తగ్గితే ఆ నోరు మళ్లీ మూయదు. అందుకని చెరువుకో సెన్సార్ దించి, తీగలన్నీ గట్టు మీది షెడ్డులో మాడ్యూల్ అనే ఒక పెట్టెకి కలిపి, అంకెలు ఫోన్లో చూపిస్తానని మాటిచ్చాను. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివి అప్పుడే బయటపడ్డవాణ్ని. మాటివ్వడంలో నాది ఫస్ట్ క్లాసు.

ఆ మాడ్యూల్‌కి ఎనిమిది ఛానళ్లు, అంటే తీగలు బిగించే గడులు, సున్నా నుంచి ఏడు దాకా. సున్నాతో లెక్క మొదలయ్యే చెరువు కొల్లేటి చుట్టుపక్కల ఎక్కడా ఉండదు కదండీ! అందుకని ఒకటో చెరువు తీగను ఒకటో ఛానల్లో, రెండోది రెండులో, అలా వరసగా బిగించాను. ప్రోగ్రాములో మాత్రం చదువుకున్నవాడిలా ఒకటో చెరువుకి సున్నా, రెండోదానికి ఒకటి అని మొదలుపెట్టాను. "సున్నాలో తీగ లేదు" అని మాడ్యూల్ కుయ్యిమంది. పెళ్లిలో అలిగిన మేనత్తలా ఈ గోలేమిటని ఆ హెచ్చరికను ఆపేశాను. శాంతి నెలకొంది.

మాస్టారు పని మీద ఏలూరు వెళ్లారు. ఫోన్ తెరిచాను. ఒకటో చెరువు ఆక్సిజన్: సున్నా!

గట్టు మీదికి పరిగెత్తి చూస్తే, చేపలు నీటిపైన గుంపులు గుంపులుగా నోళ్లు తెరుస్తున్నాయి. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, కొంప మునిగిందండీ! ఒకటో చెరువు సున్నా!"

"చేపలు తేలాయా?"

"తేలడమేంటండీ, నోళ్లు తెరిచి నన్నే చూస్తున్నాయి!"

"నీళ్లు చిలికే ఆ ఏరేటర్లు వెయ్యి బాబూ!"

"వేసేశానండీ. చెరువు అల్లకల్లోలమైపోతోంది. అంకె మాత్రం సున్నానే!"

అటువైపు ఒక నిట్టూర్పు. "అరకిలో కూడా లేని చేపలయ్యా. ఇప్పుడు పట్టేస్తే ఏడాది కష్టం నీళ్లపాలే. చచ్చాక పడితే అదీ దక్కదు. వలవాళ్లని పంపిస్తున్నా, నేనూ వస్తున్నా."

నేనుండగా ఎదగని చేపల పట్టుబడి జరగడమా? పంతం పట్టాను. పడవెక్కి, గాలి తగిలితే అంకె పెరగాలి కదా అని ఒకటో చెరువు సెన్సార్‌ను నీళ్లలోంచి ఎత్తి గాలిలో పట్టుకుని ఫోన్ చూశాను. ఒకటో చెరువు సున్నాలోనే ఉంది. రెండో చెరువు అంకె ఎగిరి గంతేసింది!

సెన్సార్‌ను మళ్లీ నీళ్లలో వదిలి షెడ్డుకి పరిగెత్తాను. సున్నా ఛానల్లో తీగ లేదు, గాలి ఉంది. తీగలన్నీ ఒక్కో గడి వెనక్కి బిగించాను. ఒకటో చెరువులో బ్రహ్మాండమైన ఆక్సిజన్!

బయటికొచ్చేసరికి వలలతో వ్యాను. దాని వెనకే స్కూటర్ మీద చెమటలు కక్కుతూ మాస్టారు. విషయం చెప్పాను.

"మరి నోళ్లు తెరిచాయన్నావు?"

"తెరిచాయండీ. అదిగో, అక్కడ చూడండి."

మాస్టారు చూశారు. వలవాళ్లందరూ చూశారు. కర్రకు కట్టిన తవుడు సంచి చుట్టూ మూగి, కన్నాల్లోంచి రాలే మేతను చేపలు కమ్మగా లాగిస్తున్నాయి.

"ఏవయ్యా, టిఫిన్ తింటుంటే ప్రాణం పోతోందన్నావా!"

వలవాళ్ల పెద్దాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఏవండీ మాస్టారూ, చేపలు శుభ్రంగా ఉన్నాయి కదండీ. మరి ఊపిరాడందెవరికండీ?"

మాస్టారు నావైపు చెయ్యి చూపించారు. "ఇదిగో, మా ఇంజినీరు గారికి."

ఆనాడు గట్టు మీద నిలబడి, తవుడు నములుతున్న చేపల సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై ఏ యంత్రం అరిచినా నోరు నొక్కను, ఎవరు టిఫిన్ తింటున్నా అంబులెన్సుకి ఫోన్ చేయను.