తోలు లేని గుర్రం కథతో వాడరేవుకు

సుప్రియ స్కాట్లాండు నుంచి పంపిన ఫొటోలో ఆకాశం బూడిద రంగులో ఉంది, సముద్రం నల్లగా ఉంది, ఆమె మాత్రం ఎర్రటి ఉన్ని టోపీ పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకు సంతోషం కలగలేదు. ఈ ప్రయాణం అక్కడే మొదలైంది కాబట్టి దాచడం లేదు.

గుంటూరులో ఎం.ఏ. చదువుతూ మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. స్కాట్లాండు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల సముద్ర భూతాల గురించి ముందు చదివింది నేను. వాటిలో నకలావీ అనే భూతం నన్ను వదల్లేదు. అది ఒక గుర్రం. దాని వీపులోంచే ఒక మనిషి మొలిచి ఉంటాడు. ఇద్దరికీ ఒంటి మీద తోలు ఉండదు. సముద్రంలోంచి బయటికొచ్చి ఊపిరి వదిలితే పచ్చటి చేలు మాడిపోతాయి. వాన పడితే మాత్రం బయటికి రాదు, మంచినీళ్లంటే దానికి భయం. ఒక్క వారంలో మిరప చేను ముడుచుకుపోవడం చూస్తూ పెరిగినదాన్ని, ఆ భూతం నాకు పరాయిగా తోచలేదు. ఇరవై పేజీల నోట్సు రాసి సుప్రియకీ ఇచ్చాను. తర్వాత, మూడు వారాలు ఆ దీవులకు వెళ్లిరావడానికి మా విభాగంలో ఒక్కరికే చోటు దొరికింది. అప్పటికి పాస్‌పోర్టు ఉన్నది సుప్రియకే. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. పాస్‌పోర్టు ముందే తీసిపెట్టుకోవాలని నాకు చెప్పేవాళ్లెవరు? చివరికి నా నోట్సు ఆమె సంచిలో ఆర్క్నీ చేరింది.

ఫొటో కింద ఒక సందేశం కూడా పెట్టింది: “శనివారం ఇక్కడి ఊరివాళ్ల ముందు మన సముద్రం గురించి ఒక కథ చెప్పాలంట. నాకేమీ తోచట్లేదే, నువ్వేదైనా చెప్పవూ?” నాకేం తెలియదని జవాబిచ్చాను. మర్నాడు పొద్దున్నే సముద్రానికి బయలుదేరాను. కథ దొరికితే నా దగ్గరే ఉంచుకోవాలి, జూన్‌లో నా పరిశోధన సీటు ఇంటర్వ్యూలో అదే చెప్పాలి అనుకున్నాను.

ఆ వారం నేను ఇంటికి వచ్చి ఉన్నాను. మా ఊరు చిలకలూరిపేట పక్కనే. పేటలో ఆరింటికి చీరాల బస్సు ఎక్కితే, పర్చూరు మీదుగా ఏడున్నరకల్లా చీరాలలో దించుతుంది. టిక్కెట్టు డెబ్బై రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే దారి పొడవునా కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు కనిపిస్తాయి. కర్చీఫు దగ్గర పెట్టుకోండి, తుమ్ములు తప్పవు. చీరాలలో వాడరేవుకి ఆటో ఎంతని అడిగాను.

“ఇరవై అమ్మా. సముద్రం చూడ్డానికా?” అన్నాడు డ్రైవరు.

“కాదన్నా, సముద్రంలో దెయ్యాల కథలు వినడానికి.”

“అయితే ముప్పై ఇవ్వు. దారిలో నేనే చెప్తా, ఒడ్డు దాకా వెళ్లే పనే ఉండదు.”

ఆయన చెప్పినవన్నీ వాళ్ల అత్తగారి సంగతులే. ఇరవై రూపాయలే ఇచ్చి దిగాను.

ఎనిమిదింటికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. నీళ్లలో దూరంగా చుట్టి వేసిన పెద్ద వలను, రెండు వైపులా తాళ్లు పట్టుకుని ఒడ్డు మీద నుంచే లాగడం అది. వల దగ్గరికొచ్చేసరికి లోపల వెండిలా తళతళలాడింది. నేను ఉండబట్టలేక, “అబ్బ! ఎన్ని చేపలో!” అని అరిచాను.

తాళ్లు పట్టుకున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. ఇసుకలో చేపలు ఎండబోస్తున్న ఒక పెద్దామె లేచి నిలబడింది. “ఏందమ్మాయ్, వల ఒడ్డెక్కకముందే నోరు పెట్టావ్?”

సిగ్గేసింది. మా కల్లాల్లోనూ అంతే, రాశి చూసి ‘బాగా పండింది’ అని ఎవరూ అనరు. అన్నవాళ్ల చేతే గుప్పెడు కాయలు నిప్పుల్లో వేయిస్తారు. మాది చర్చికి వెళ్లే ఇల్లే అయినా, ఈ విషయంలో మా అమ్మ పాస్టరుగారి మాట కూడా వినదు.

ఆ పెద్దామె పేరు పోలమ్మ. “సంచిలో ఏంది?” అంది.

“ఎండు మిరపకాయలండి. ఒకళ్ల ఊరికి ఉత్త చేతులతో వెళ్లకూడదని మా అమ్మ ఇచ్చింది. పేట దగ్గర కాయలు.”

ఆమె ముఖం మెత్తబడింది. “పేట కల్లాలన్నీ చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగినదాన్నే. చేపలిచ్చి కాయలు తెచ్చుకునేదాన్ని. రా, నువ్వు పెట్టిన దిష్టి నువ్వే తియ్యి.”

సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి, వల వైపు మూడుసార్లు తిప్పి, టీ కాగుతున్న పొయ్యిలో వేశాను. కాయలు నల్లబడ్డాయి. ఘాటు రాలేదు, ఒక్కరూ దగ్గలేదు. ఘాటు రాలేదంటే దిష్టి బలంగా ఉన్నట్టే లెక్క.

“గాలికి పోయిందేమో,” అన్నాను.

“గాలి నీ మొహానికే కొడతంది గదే!” అని ఇంకో ఆవిడ అనగానే అందరూ నవ్వారు.

పోలమ్మ నవ్వలేదు. “చేపల్ని చూస్తే ఇంత దిష్టి పుట్టదు. నీ కన్ను వల మీద లేదే అమ్మాయ్. ఎవరి మీద పెట్టుకుని వచ్చావు?”

చెప్పేశాను. సుప్రియ, పాస్‌పోర్టు, ఎర్ర టోపీ, నకలావీ, అన్నీ చెప్పాను. ఆమె చేపలు తిరగేస్తూ విని, సుప్రియ సంగతి వదిలేసి గుర్రం గురించే అడిగింది.

“ఒంటినిండా తోలు లేదా?”

“లేదు.”

“ఉప్పునీళ్లలోనే కాపరమా?”

“అవును.”

“మరి మండదా? మాకు చేతికి ముల్లు గీసుకుంటేనే ఉప్పునీళ్లలో పెట్టలేం. అంత మంటలో ఉన్నది పచ్చటి చేను చూస్తే ఊరుకునిద్దా?”

“మరి మంచినీళ్లంటే భయమెందుకు? వాన తగిలితే చల్లబడాలి కదా!”

“అందుకే భయం. మంట కూడా పోతే తనకింకేం మిగిలిద్ది?”

నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేని మాట అది. వెంటనే రాసుకున్నాను. ఇది నాది, సుప్రియకు ఇవ్వను, అనుకున్నాను. మిరపకాయల సంచి పోలమ్మకు ఇచ్చేస్తే, ఆమె అదే సంచిలో ఎండు నెత్తళ్లు పోసి అమ్మకిమ్మంది.

పదకొండింటికి చీరాల బస్టాండులో కూర్చుని, ఇంటర్వ్యూలో ఆ మాట ఎలా చెప్పాలో లోపల అభ్యాసం చేశాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా, తోలు లేని గుర్రం దగ్గరికి వచ్చేసరికి అది నన్నే చూస్తున్నట్టుండేది. ఇరవై పేజీల నోట్సు పోయిందని ఏడ్చినదాన్ని, ఇప్పుడు పోలమ్మ మాటను నా మాటగా చెప్పబోతున్నాను. బస్సు కదిలేలోపు ఫోను తీసి సుప్రియకు అంతా చెప్పి రికార్డు చేశాను. చివర్లో, “పోలమ్మ పేరు చెప్పు, వాడరేవు పేరు చెప్పు. నకలావీని నీకు చూపించింది ఎవరో కూడా చెప్పు,” అన్నాను. నా గొంతు మర్యాదగా లేదని తెలుసు. మళ్లీ రికార్డు చేయలేదు. పర్చూరు దాటాక జవాబొచ్చింది: “మూడు పేర్లూ చెప్తా. నువ్వు ముందు పాస్‌పోర్టుకి పెట్టుకో.” ఆ మాటకి కూడా ఒళ్లు మండింది. అయినా ఆ వారంలోనే దరఖాస్తు పెట్టాను.

అసూయ ఒక్క ప్రయాణంతో పోతుందని రాస్తే అబద్ధమవుతుంది. ఎర్ర టోపీ కనిపిస్తే ఇప్పటికీ లోపల ఉప్పు తగులుతుంది. కాకపోతే దాన్ని సుప్రియ చేసిన అన్యాయం అనుకోవడం మానేశాను. అది నాకు తోలు లేనిచోట పుడుతున్న మంట. వాడరేవుకి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఎనిమిదిలోపు చేరండి, వల చూసి నోరెత్తకండి, సంచిలో గుప్పెడు ఎండు మిరపకాయలు ఉంచుకోండి. నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాకపోతే మాత్రం గాలిని తిట్టకండి, ఇంటి దగ్గర ఎవరి మీద కన్ను పెట్టుకుని బయలుదేరారో గుర్తు చేసుకోండి.