నూట నాలుగులో అప్ప

ఆవిడ పోయిన కబురు ఆవిడ ఫోన్ నుంచే వచ్చింది. ఆ రోజు నేను ఫుజైరాలో ఉన్నాను. ఓడలకు ఇంధనం సరఫరా చేసే ఆఫీసులో నా ఉద్యోగం. అప్పుడప్పుడూ కొండలు దాటి ఆ రేవుకు వెళ్ళాల్సి ఉంటుంది. పని ముగించుకుని కారెక్కబోతుంటే ఫోన్ మోగింది. తెర మీద "ఆయా 104" అని పడింది. సెలవు మీద ఊరెళ్ళిన మనిషి ఇప్పుడు ఫోన్ చేసిందేమిటా అనుకుంటూ, ఎప్పటిలాగే పిలుపేమీ లేకుండా, "ఆఁ, చెప్పండి" అన్నాను.

అవతల వేరే గొంతు. ఏడుస్తోంది. "నాను సెల్లెల్నండీ. అప్ప పోనాదండీ" అంది.

"అయ్యో, నాన్నగారా? పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని నాకు చెప్పనే లేదే! ఒకసారి ఆవిడకి ఫోనివ్వమ్మా, నేను మాట్లాడతాను" అన్నాను.

ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుని, పసిపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "మా అప్పేనండీ పోనాది. రేత్రి గుండెల్లో నొప్పన్నాది, ఆస్పత్రికి తీసికెల్లీలోగా అయిపోనాది. అప్పకి ఫోను ఏలాగివ్వనండీ?"

చనిపోయిన మనిషికి ఫోనివ్వమని అడిగాను. అదొక్కటే అయితే ఏదో పొరపాటు అనుకుని ఊరుకుందును. కానీ "అప్ప" నాకు తెలియని మాట కాదు. మా ఇంటి మాటే. అందుకే ఇది రాస్తున్నంతసేపూ నా ముఖం వేడెక్కుతూనే ఉంది.

నేను మలేషియాలో పుట్టినదాన్ని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, అక్కడి పేరాక్ రాష్ట్రంలో ఒక కొబ్బరి తోటలో కూలికి వెళ్ళాడట. తెలుగు అక్షరాలు మా టౌన్లో ఆదివారం బడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే పెద్దమనసుతో దిద్దుకోండి. మా ఇంట్లో అక్కను "అప్ప" అనేవాళ్ళం. ఉత్తరాంధ్ర పాఠకులకు ఇది చెప్పక్కర్లేదు. కానీ మా తోటలో చుట్టూ ఉన్నది తమిళులు, వాళ్ళకు అప్పా అంటే నాన్న. ఒకరోజు బడి గేటు దగ్గర నేను మా అక్కను "అప్పా!" అని కేకేస్తే పిల్లలంతా మూగి, "మీ అప్పాకి రెండు జడలా! మీసాలేవీ?" అని ఒకటే గోల. ఆ సాయంత్రం నుంచి అక్కను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాను. మా అమ్మ తిట్టినా మానలేదు.

తర్వాత కౌలాలంపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసిన విజయవాడ అబ్బాయిని చేసుకున్నాను. అత్తవారింట్లో కనీసం తెలుగువాళ్ళున్నారు కదా అని, మా ఆడపడుచును ముద్దుగా "అప్పా" అన్నాను. ఇల్లంతా ఘొల్లుమంది. "ఇదేం తెలుగమ్మా? కన్నడమా?" అన్నారు. వాళ్ళ నవ్వులో చెడ్డతనం లేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇక ఆ మాటను మూటగట్టి అటక మీద పడేశాను. ఎంత దూరంగా పడేశానంటే, అది ఫోన్లో కొత్త గొంతు నుంచి చెవిన పడేసరికి తమిళమనుకున్నాను.

కరోనా కాస్త తెరిపి ఇచ్చిన ఏడాది మా ఆయన ఉద్యోగం కోసం ఇటు వచ్చాం. దుబాయ్ అద్దెలు భరించలేక అందరిలాగే దగ్గర్లోని అజ్మాన్‌లో దిగాం. మా పాపకు అప్పుడు రెండో ఏడు. నాకూ ఉద్యోగం దొరికింది. ఇక పాపను ఎవరి దగ్గర ఉంచాలన్నదే దిగులు. మా బిల్డింగ్ కాపలాదారు 104కి వెళ్ళి అడగమన్నాడు. వెళ్ళాను.

తలుపు తీసిన మనిషి నన్ను చూడకుండా పాపను చూసింది. "ఓలమ్మ, బంగారంలాటి గుంట! యల్లా, రా" అని చేతులు చాచింది. కొత్తవాళ్ళను చూస్తే ఏడ్చే మా పాప ఆ చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మొదట్లో అరబ్బుల ఇంట్లో చాలాకాలం పనిచేసిందట. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఖలాస్, అని తనే చెప్పి నవ్వింది. గోదావరి జిల్లా ఆవిడ ఒకరితో కలిసి ఆ గది తీసుకుని, మాలాంటి ఉద్యోగస్తుల పిల్లల్ని చూసుకుంటోంది. నన్ను "మేడమ్" అంది.

మేడమ్ కాస్తా మారిపోవడానికి కారణం నెత్తళ్ళు. మొదటిసారి మలేషియా వెళ్ళి వస్తూ మా అమ్మ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం ఒకటి ఆవిడకు ఇచ్చాను. "మా దేశంలో బిలిస్ అంటారు, అన్నంలోకి వేయించుకుంటాం" అని ఏదో విదేశీ వస్తువు చూపించినట్టు చెప్పాను. ఆవిడ పొట్లం విప్పి వాసన చూసి పకపకా నవ్వింది.

"ఓలమ్మ, నెత్తళ్ళు! మా ఊరి నెత్తళ్ళకి నువ్వు పేరెడతన్నావేటి? మీ పెద్దోల్లది ఏ ఊరు?"

"తెలీదండీ. శ్రీకాకుళం వైపని మాత్రం అనేవారు."

"ఊరు పేరు తెల్దా?"

తెలియదు. మా తాతకు తెలుసేమో, నేను అడగలేదు. దేశం ఏదని ఎవరడిగినా టక్కున చెప్పగలను, పాస్‌పోర్టు చూపించగలను. ఊరేదంటే మాత్రం చూపించడానికేమీ లేదు. ఇక్కడ టాక్సీ ఎక్కినా డ్రైవర్లు "మలేషియానా? చూస్తే ఇండియావాళ్ళలా ఉన్నారే" అంటారు. విజయవాడ వెళ్తే "మలేషియా కోడలు" అంటారు. మలేషియాలో చిన్నప్పుడు నీ దేశం ఎక్కడుందో అక్కడికి పో అన్న పిల్లలూ ఉన్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ పొట్లం మళ్ళీ మడిచి పక్కన పెట్టింది.

"తెలీకపోతే మా ఊరే అనీసుకో. ఎవులు కాదంతారు? అయితే నువ్వు నాకు సెల్లివే. నన్ను అప్ప అని పిలు" అంది.

అన్నేళ్ళ తర్వాత ఆ మాట. నోరు తెరిచాను కూడా. కానీ లిఫ్టు దగ్గర మా మూడో అంతస్తు తెలుగువాళ్ళు నిలబడి ఉన్నారు. "వస్తానండీ" అనేసి మెట్లెక్కేశాను.

మా పాప ఆవిడను "దొడ్డమ్మ" అని, అంటే పెద్దమ్మ అని పిలిచేది. నేనేమని పిలిచేదాన్నంటారా? ఏమనీ పిలిచేదాన్ని కాదు. మొగుడి పేరు పలకని పూర్వకాలపు ఇల్లాలిలా "ఇదిగోండీ", "ఏమండీ", "వింటున్నారా" అంటూ నెట్టుకొచ్చాను. ఆవిడకు అది పెద్ద ఆటైపోయింది. సాయంత్రం దుబాయ్ ట్రాఫిక్‌లో చచ్చీచెడీ వచ్చి బెల్లు కొడితే తలుపు ఓరగా తీసి, వెనక దాక్కుని, "ఎవులూ? ఎవులు గావాల?" అనేది. లోపల పాప కిలకిలా నవ్వేది. "అడగందే అమ్మయినా పెట్టదంతారు. పిలవందే అప్ప పలుకుద్దేటి?" అనేది. నేను మళ్ళీ బెల్లే కొట్టేదాన్ని.

బయటి నుంచి వచ్చిన మనిషి ఆకలితో మెట్లెక్కకూడదని ఆవిడ పట్టు. పాపతో పాటు నాకూ స్టీలు గ్లాసులో రాగులతో కాచిన చోడి అంబలి పోసి, తాగేదాకా పాప సంచీ ఇచ్చేది కాదు. నేను ఆఫీసులో ఎవరి మీదనైనా చిర్రుబుర్రులాడుతూ వస్తే, "నోరు మంచిదయితే ఊరు మంచిదవుద్ది సెల్లీ. నీకు అసలే ఊరు లేదు, నోరైనా మంచిగుంచుకో" అని వెక్కిరించేది. ఇంకెవరన్నా ఆ మాటంటే మండిపోయేదాన్ని. ఆవిడంటే నవ్వొచ్చేది.

పాప నాలుగో పుట్టినరోజుకు ఆవిడను పైకి పిలిచాం. పట్టుచీర కట్టుకుని, పూలు దొరక్క ప్లాస్టిక్ మల్లెలు పెట్టుకుని వచ్చింది. మా ఆయన ఆఫీసువాళ్ళలో ఒకావిడ, "ఈవిడ మీకేమవుతారు?" అనడిగింది. గదిలో అందరూ నా వైపు చూశారు. "పాపను చూసుకుంటారండీ" అన్నాను. అబద్ధం కాదు. అయినా ఆ మాట అన్నాక ఆవిడ వైపు చూడలేకపోయాను.

"గుంటకి దొడ్డమ్మనండీ" అని ఆవిడే నవ్వుతూ చెప్పి, కేకు ముక్కలు పంచడానికి లేచింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి దులిపేసినా బాగుండేది.

మేము సెలవులకు జార్జియా వెళ్ళాం, టర్కీ వెళ్ళాం. నా పాస్‌పోర్టుతో చాలాచోట్ల వీసా కూడా అడగరు. వచ్చిన ప్రతిసారీ ఫొటోలన్నీ ఆవిడకు చూపించేదాన్ని. మంచు చూసి మురిసిపోయేది. చివర, "అన్నీ తిరుగుతన్నావు, నీ ఊరెప్పుడెల్తావు?" అనేది. ఆవిడ ఊరికి వెళ్ళాలంటే నాకు వీసా కావాలని చెబితే, "నీ ఊరికి నీకు వీసా ఏటే!" అని బుగ్గలు నొక్కుకుంది.

చివరిసారి సెలవు మీద వెళ్తున్నప్పుడు నేనే ఎయిర్‌పోర్టులో దించాను. పెట్టెకు గుర్తు కోసం మా పాప పాత రిబ్బన్ కట్టుకుంది. "ఈపాలి పండక్కి నువ్వు రావాల. ఊరంతా తిప్పి సూపిత్తాను. మా సెల్లి వచ్చినాదని సెప్తాను" అంది. ట్రాలీ తోసుకుంటూ కొంచెం దూరం వెళ్ళి ఆగింది. "ఒక్కసారి పిలు సెల్లీ, ఎల్లిపోతాను."

చుట్టూ జనం. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను. ఆవిడ నవ్వి, చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళిపోయింది.

పోయిన కబురు విన్న రోజే వీసాకు పెట్టాను, అది వచ్చేలోగా అక్కడ కర్మలన్నీ జరిగిపోయాయి. కొన్నాళ్ళకు ఆవిడతో గది పంచుకున్న ఆమె కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఫోన్లో "ఆయా 104"ను "అప్ప" అని మార్చాను. మార్చినందుకు ఇంకా సిగ్గేసింది. ఇప్పుడు ఎవరికోసం?

పోయిన వారం పాపను స్కూలు నుంచి తీసుకొస్తూ, ఏం తోచిందో మొదటి అంతస్తులో లిఫ్టు దిగాను. 104 ముందు నిలబడ్డాను. బెల్లు కొట్టలేదు. "అప్పా!" అని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మా పాప తలెత్తి చూసింది. ఇంకోసారి, గట్టిగా, "అప్పా!" అన్నాను.

తలుపు తెరుచుకుంది. మా పాప ఈడు పిల్ల ఒకతె తొంగి చూసి, లోపలికి తిరిగి, "అప్పా, నిన్నెవరో పిలుస్తున్నారు!" అని తమిళంలో అరిచింది. తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వాళ్ళ నాన్న వచ్చాడు. ఎవరు కావాలమ్మా అన్నాడు. నా ముఖం కందగడ్డ అయిపోయి ఉంటుంది. బడి గేటు దగ్గరి పిల్లలంతా మళ్ళీ నా చుట్టూ చేరినట్టే ఉంది. క్షమించండి, వేరే ఇల్లనుకున్నాను అని తప్పుకోబోయి ఆగాను.

"మా అప్ప ఇక్కడ ఉండేది" అన్నాను.

"మీ నాన్నగారా?"

"నాన్న కాదండీ. అప్ప. మా భాషలో అప్ప అంటే అక్క. మా అక్క ఇక్కడే ఉండేది."

నా ముఖంలో ఏం కనిపించిందో, ఆయన తలుపు బార్లా తీసి పక్కకు తప్పుకున్నాడు. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. మా పాప మాత్రం రోజూ విడిచే చోటే చెప్పులు విడిచి, అంబలి గ్లాసు కోసం లోపలికి వెళ్ళిపోయింది.